ఎన్‌క్రుమా: కోకో రైతుల దేశం నుంచి ఖండం ఐక్యత దాకా

పంట పండించేవాడు ఒకచోట ఉంటాడు, ధర చెప్పేవాడు మరొకచోట ఉంటాడు. ఈ సంగతి కళ్యాణదుర్గం రైతుకూ కూలీకీ ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. నేల ఈ ఊరిది, విత్తనం అప్పు రైతుది, చెట్టు పెరికి కాయ కోసే చెమట కూలీలది. శెనక్కాయ ధర మాత్రం ఈ ఊరిది కాదు. చళ్ళకెర నూనె మిల్లుల్లో పలికినదానికి నాలుగు డబ్బులు తగ్గించి ఇక్కడ దళారి చెప్తాడు. చళ్ళకెర వ్యాపారి ముంబయి వైపు చూస్తాడు. ముంబయి వ్యాపారి మలేషియా, ఇండోనేషియా నుంచి దిగే పామాయిల్ ఓడల వైపు చూస్తాడు. రైతుకు గిట్టలేదంటే ఆ దెబ్బ చివరికి వచ్చి పడేది కూలి రేటు మీదే.

ఇదే చిక్కులో బతికిన ఒక దేశం పడమటి ఆఫ్రికాలో ఉంది. దాని పేరు ఘనా. అక్కడి పంట కోకో, అంటే చాక్లెట్టు చేసే గింజ. ఒకే పంటను అమ్ముకునే పేద దేశాలు విడివిడిగా పోటీపడి చావాలా, కలిసి నిలబడి బేరమాడాలా? ఈ ప్రశ్న మీదనే జీవితమంతా ఖర్చు పెట్టిన నాయకుడు క్వామే ఎన్‌క్రుమా. ఆయన చనిపోయి 50 ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఆయన్ను తలచుకోవడానికి కారణం ఉంది. 2021 జనవరి 1 నుంచి ఆఫ్రికా ఖండమంతటికీ ఒకే స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం అమలులోకి వచ్చింది. దాని కార్యాలయం ఘనా రాజధాని అక్రాలోనే పెట్టారు. ఎన్‌క్రుమా కల నెరవేరిందని పెద్దలు ఉపన్యాసాలు ఇస్తున్నారు. నెరవేరిందో లేదో తేల్చుకోవాలంటే ఆయన ఏం కోరాడో, ఎక్కడ దెబ్బతిన్నాడో తెలియాలి. అందుకే మేము ఈసారి ఆయన జీవితం చెప్పదలచుకున్నాం.

కంసాలి కొడుకు

ఘనాను తెల్లవాళ్ళు గోల్డ్ కోస్టు అని పిలిచేవారు. బంగారం తవ్వి తీసుకుపోయిన తీరం కాబట్టి ఆ పేరు పెట్టారు. అది బ్రిటిష్ వలస. దాని పడమటి కొసన ఎన్‌క్రోఫుల్ అనే పల్లెలో 1909లో ఎన్‌క్రుమా పుట్టాడు. తండ్రి బంగారుపని చేసేవాడు. తల్లి చిల్లర వ్యాపారం చేసి సంసారం ఈదింది. మిషనరీ బడిలో చదివి, 1930లో అచిమోటా కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ ముగించి, కొన్నేళ్ళు బడిపంతులుగా పనిచేశాడు. 1935లో అమెరికా వెళ్ళి లింకన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువుకు డబ్బుల్లేక సబ్బు కార్ఖానాలో పనిచేశాడు, ఓడల్లో వడ్డన పని చేశాడు, వీధుల్లో చేపలు అమ్మాడు. నల్లవాడికి అమెరికాలో ఏ మర్యాద దక్కుతుందో కళ్ళారా చూశాడు. అక్కడే మార్క్సునూ లెనిన్‌నూ చదివాడు. 1945లో ఇంగ్లండు చేరి, ఆ అక్టోబరులో మాంచెస్టరులో జరిగిన ఆఫ్రికన్ల మహాసభ ఏర్పాట్లలో ముఖ్యపాత్ర వహించాడు. వలసలకు స్వాతంత్ర్యం కావాలని ఆ సభ తేల్చి చెప్పింది.

కోకో రైతుల సమ్మె

ఆయన పరదేశంలో ఉండగానే ఆయన దేశపు రైతులు పెద్ద పోరాటం నడిపారు. దాన్ని చెప్పకుండా ఎన్‌క్రుమా కథ అర్థం కాదు.

1911 నాటికే గోల్డ్ కోస్టు కోకో ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. ఆ తోటలు తెల్లదొరల ఎస్టేట్లు కావు, నల్లజాతి చిన్న రైతులవి. వాటిలో పనిచేసిన కూలీలు చాలామంది ఉత్తరాది కరువు ప్రాంతాల నుంచి, పొరుగు వలసల నుంచి నడిచి వచ్చినవాళ్ళు. కొన్ని తోటల్లో పంటలో మూడో వంతు కూలీకి ఇచ్చే పద్ధతి ఉండేది. కొనేవాళ్ళు మాత్రం చేతివేళ్ళ మీద లెక్కపెట్టే కొద్దిమంది తెల్ల కంపెనీలు. 1937లో యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ ముందుండి, కాడ్‌బరీ వంటివాళ్ళూ చేతులు కలిపి, తమలో తాము పోటీ పడకుండా కొనుగోలు వాటాలు పంచుకున్నారు. కొనేవాళ్ళు ఏకమయ్యారు గనుక ధర పడిపోయింది.

రైతులూ ఏకమయ్యారు. గింజ అమ్మేది లేదన్నారు. 1937 చివరి నుంచి 1938 ఏప్రిల్ దాకా కోకో రేవుకు చేరలేదు. విదేశీ సరుకులు కొనడం కూడా మానేశారు. చివరికి బ్రిటిష్ ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసి, కంపెనీల ఒప్పందాన్ని పక్కన పెట్టించవలసి వచ్చింది. తర్వాత 1947లో సర్కారు కోకో బోర్డు పెట్టింది. రైతుకు ఒక ధర, ప్రపంచ మార్కెట్టులో మరో ధర. మధ్యలో మిగిలిన డబ్బు లండన్‌లో బ్రిటిష్ సర్కారు పత్రాల్లో జమ అయ్యేది. దళారి పోయాడనుకుంటే దొర తానే దళారి అయి కూర్చున్నాడు.

జైలు నుంచి మంత్రివర్గానికి

1947 చివర ఎన్‌క్రుమా స్వదేశం చేరాడు. వకీళ్ళూ వర్తకులూ పెట్టుకున్న ఒక సంస్థకు కార్యదర్శిగా పిలిపించుకున్నారు. దేశం అప్పటికే కుతకుతలాడుతోంది. సరుకుల ధరలు మండుతున్నాయి. తెగులు సోకిన కోకో చెట్లను సర్కారు బలవంతంగా నరికిస్తోందని రైతులు కోపంగా ఉన్నారు. 1948 ఫిబ్రవరి 28న బర్మాలో బ్రిటిష్ వాళ్ళ తరఫున పోరాడి వచ్చిన మాజీ సైనికులు తమ కోరికల పత్రంతో గవర్నరు కోట వైపు నడిచారు. పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. అక్రా నగరం భగ్గుమంది.

వకీళ్ళు మెల్లగా పోదామన్నారు. ఎన్‌క్రుమా వాళ్ళను వదిలి 1949 జూన్‌లో సొంత పార్టీ పెట్టాడు. చదువు కొద్దిగా ఉన్న కుర్రవాళ్ళు, బజారులో అమ్ముకునే ఆడవాళ్ళు, రైలు కార్మికులు, డ్రైవర్లు ఆ పార్టీలో చేరారు. 1950 జనవరిలో సమ్మెలకూ సహాయ నిరాకరణకూ పిలుపిచ్చి జైలుకు వెళ్ళాడు. 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో జైల్లో ఉండే గెలిచాడు. ప్రభుత్వం నడపడానికి ఆయన్ను విడుదల చెయ్యక తప్పలేదు. 1957 మార్చి 6న గోల్డ్ కోస్టు స్వతంత్రమై ఘనా అయింది.

రైలుపట్టాలు చెప్పిన పాఠం

స్వాతంత్ర్యం వచ్చినా ఆర్థికం పాతదే. ఎన్‌క్రుమా దీన్ని తొందరగానే గుర్తించాడు. ఆఫ్రికా పటం ముందు పెట్టుకుంటే విషయం తెలుస్తుంది. తెల్లవాళ్ళు వేసిన రైలుమార్గాలు గని నుంచి రేవుకు పోతాయి, తోట నుంచి రేవుకు పోతాయి. పొరుగు దేశానికి పోయేవి చాలా తక్కువ. ఘనా చుట్టూ మూడు వైపులా ఫ్రెంచి వలసలే. అక్రా నుంచి పక్క దేశపు అబిజాన్‌కు టెలిఫోను చెయ్యాలంటే లండన్, పారిస్ మీదుగా చెయ్యాల్సివచ్చేది. ఐవరీ కోస్టూ కోకో అమ్ముతుంది, ఘనా కూడా కోకో అమ్ముతుంది. ఇద్దరూ ఒకరికొకరు అమ్ముకునేది దాదాపు లేదు. ఇద్దరూ ఐరోపా వాకిట్లో వరసలో నిలబడి, ఒకడు ధర తగ్గిస్తే రెండోవాడూ తగ్గిస్తాడు.

దీనికి ఆయన చెప్పిన మందు ఐక్యత. ఖండానికంతా ఒక మార్కెట్టు, ఒక నాణెం, ఒకే ప్రణాళిక, పరిశ్రమలు పంచుకుని పెట్టుకోవడం, బయటివాళ్ళతో ఒకే నోటితో బేరం. రాజకీయంగా ఒక్కటి కాకుండా వాణిజ్యంలో మాత్రం ఒక్కటి కావడం కుదరదని ఆయన వాదన. 1958 ఏప్రిల్‌లో అప్పటికి స్వతంత్రమైన ఎనిమిది ఆఫ్రికా దేశాలను అక్రాకు పిలిచాడు. ఆ డిసెంబరులో ఇంకా బానిసత్వంలో ఉన్న దేశాల పార్టీలనూ కార్మిక సంఘాలనూ పిలిచి మహాసభ జరిపాడు. ఫ్రాన్సు మాట కాదని స్వతంత్రం తెచ్చుకున్నందుకు గినీని ఫ్రెంచివాళ్ళు ఒట్టి చేతులతో వదిలిపోతే, ఘనా కోటి పౌండ్ల అప్పు ఇచ్చి ఆదుకుంది. రెండు దేశాలూ ఒకే యూనియన్ అని ప్రకటించుకున్నాయి. తర్వాత మాలి కూడా చేరింది.

1961 జూన్‌లో ఘనాకూ ఉత్తరాన ఉన్న అప్పర్ వోల్టాకూ మధ్య సుంకాలు ఎత్తేస్తున్నామని ప్రకటించారు. ఆ దేశమే నేటి బుర్కినా ఫాసో, మన అనంతపురం లాగా వానలు మొహం చాటేసే నేల. సరిహద్దులోని పాగా అనే ఊర్లో ఒక గోడ కట్టారు, కూల్చడానికే కట్టారు. రెండు దేశాల నాయకులూ దాన్ని జనం ముందు కూల్చారు. అప్పర్ వోల్టా కూలీలు కోకో తోటలకు, పశువుల వర్తకులు దక్షిణాది బజార్లకు ఎప్పటినుంచో దిగివచ్చే దారులు అవి. కాబట్టి ఆ గోడ కూలడం పేదవాడికి అర్థమయ్యే సంగతే.

కానీ ఆ ఒప్పందం ఎక్కువకాలం నిలవలేదు. గినీ, మాలిలతో యూనియన్ కూడా కాగితం మీదే ఉండిపోయింది. ఘనాకూ గినీకీ మధ్య ఐవరీ కోస్టు అడ్డం. నాణేలు వేరు, పాలనాభాషలు వేరు. ఇచ్చిపుచ్చుకోవడానికి సరుకు లేదు, మోసుకుపోయే దారి లేదు. చిన్న ప్రభుత్వాల ఖజానాకు సుంకమే పెద్ద రాబడి. దాన్ని వదులుకుంటే జీతాలు ఎలా ఇవ్వాలన్నది ప్రతి మంత్రికీ ఉన్న భయం. ఇంకో సంగతి కూడా దాచకూడదు. బ్రిటిష్ పడమటి ఆఫ్రికా వలసలన్నిటికీ కలిపి ఒకే నాణెపు బోర్డు, ఒకే విమాన సంస్థ అప్పటికే ఉన్నాయి. అవి దొరలు పెట్టినవని, దేశానికి సొంతవి కావాలని 1958లో ఘనాయే వాటి నుంచి బయటికి వచ్చింది. ఖండమంతా కలవాలన్నవాడే చేతిలో ఉన్న చిన్న కలయికను వదిలేశాడు.

అడిస్ అబాబా

1963 మే 25న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో సుమారు 30 దేశాల నాయకులు కూర్చుని ఆఫ్రికా ఐక్యతా సంస్థను స్థాపించారు. అంతకుముందే ఎన్‌క్రుమా తన వాదన మొత్తం పుస్తకంగా అచ్చువేసి ఉన్నాడు. ఖండానికి ఒకే ప్రభుత్వం ఇప్పుడే కావాలని సభలో గట్టిగా అడిగాడు. ఎక్కువమంది ఒప్పుకోలేదు. టాంగన్యికా నాయకుడు జూలియస్ నైరేరే వంటి నిజాయితీపరులు సైతం ముందు పొరుగు దేశాలు కలుద్దాం, మెట్టుమెట్టుగా పైకి పోదాం అన్నారు. కొందరు తమ కుర్చీ కోసం అడ్డుపడ్డారు, కొందరు పాత యజమాని ఫ్రాన్సు మొహం చూసి అడ్డుపడ్డారు. చివరికి ఏర్పడ్డ సంస్థకు దేశాల మీద అధికారం లేదు, నిధి లేదు.

కోకో విషయంలోనూ ఐక్యత పరీక్షకు వచ్చింది. 1962లో ఘనా, నైజీరియా, ఐవరీ కోస్టు, కామెరూన్, బ్రెజిల్ కలిసి కోకో ఉత్పత్తి దేశాల కూటమి పెట్టుకున్నాయి. 1964 పంటకాలంలో కనీస ధర రాకుంటే అమ్మమని సరుకు నిలిపాయి. తాతలు 1937లో చేసిన పనే మనవళ్ళ ప్రభుత్వాలు చేశాయి. ఈసారి గెలవలేదు. ఆ ఏడు ఘనాలో ఒక్కచోటే 5 లక్షల టన్నులు మించి పండింది. నిలవ పెట్టే గోదాములు లేవు, అప్పు వాయిదాలు ఆగవు. కొనే కంపెనీల దగ్గర నిలవలు ఉన్నాయి, వాళ్ళకు తొందర లేదు. కొన్ని నెలలకే కూటమి చెదిరింది, 1965లో ధర కుప్పకూలింది. సరుకు నిలిపి బేరమాడేందుకు తెమా రేవు దగ్గర పెద్ద గోదాములు కట్టించాడు గానీ అవి వాడకంలోకి రాలేదు.

ఇంట్లో పడిన బీటలు

సామ్రాజ్యవాదులు ఎన్‌క్రుమాను దెబ్బతీశారన్నది నిజం. ఆయన తన కాళ్ళ కింది నేలను తానే వదులు చేసుకున్నాడన్నదీ నిజం. రైతుకూలీ ఉద్యమంలో పనిచేసేవాళ్ళం ఈ రెండోదాన్ని దాటేసి పోకూడదు.

బడులు, ఆసుపత్రులు, రోడ్లు, తెమా రేవు, వోల్టా నది మీద అకొసొంబో ఆనకట్ట ఆయన కట్టించినవే. వీటన్నిటికీ డబ్బు ఎక్కడిది? కోకో రైతుదే. 1954లో ప్రపంచ ధర బాగా పెరిగితే, రైతుకిచ్చే ధర పెంచకుండా చట్టం చేసి ఆపారు. మిగులు దేశాభివృద్ధికి అన్నారు. పైరు పండిన అషాంటీ ప్రాంతంలో రైతులు తిరగబడ్డారు. ఆ కోపాన్ని అక్కడి పెద్దకుటుంబాలూ సంస్థానాధీశులూ తమవైపు తిప్పుకుని ఆయన మీద పార్టీ నడిపారు. 1961లో సహకార సంఘాలను రద్దుచేసి, పార్టీ చేతిలోని రైతు మండలికే కోకో కొనే గుత్తాధికారం ఇచ్చారు. తూకంలో మోసాలు, చెల్లింపుల్లో ఆలస్యాలు పెరిగాయి. రైతు సంఘం అని పేరు పెట్టుకున్నది రైతు మీద అజమాయిషీ అయింది. అదే ఏడు రైలు, రేవు కార్మికులు బలవంతపు పొదుపు మీద సమ్మె చేస్తే నాయకుల్ని జైల్లో పెట్టారు. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1958 నుంచే ఉంది. 1964లో ఒకే పార్టీ పాలన వచ్చింది.

ఆనకట్ట సంగతీ చెప్పాలి. నీటి కింద మునిగిన పల్లెల నుంచి సుమారు 80 వేల మందిని లేపారు. కరెంటులో సింహభాగం అమెరికా పెట్టుబడిదారు కైజర్ పెట్టిన అల్యూమినియం కర్మాగారానికి చౌకగా పోయింది. ఘనా నేలలో ఉన్న బాక్సైటును వాడుకోకుండా, కంపెనీ ముడిసరుకు బయటినుంచే తెచ్చుకుంది. జెండా మారినా పెత్తనం ఎలా కొనసాగుతుందో వివరిస్తూ 1965లో నవ వలసవాదం మీద ఎన్‌క్రుమా పుస్తకం రాశాడు. దానికి ఉదాహరణ ఆయన పెరట్లోనే ఉంది. పుస్తకం రాగానే అమెరికా మండిపడి సాయం బిగబట్టింది.

1966 ఫిబ్రవరి 24న, వియత్నాం శాంతి ప్రయత్నం మీద హనోయికి పోతూ ఆయన పెకింగులో ఉండగా, సైన్యమూ పోలీసూ కలిసి ప్రభుత్వాన్ని కూల్చారు. ఈ కుట్ర సంగతి అమెరికా అధికారులకు ముందే తెలుసని తర్వాత బయటపడ్డ ఆ దేశపు పత్రాలే చూపాయి. అక్రా వీధుల్లో ఆయన విగ్రహం కూల్చారు. 1950లో ఆయన పిలుపుతో పని ఆపిన రైలు కార్మికుడు, బజారులో ఆయనకు జై కొట్టిన అమ్మ, ఈసారి అడ్డం రాలేదు. జైళ్ళకూ ధరలకూ విసిగిపోయిన జనం చూస్తూ ఊరుకున్నారు, చాలామంది సంతోషించారు కూడా. గినీ అధ్యక్షుడు సెకూ టూరే ఆశ్రయమిచ్చి సహ అధ్యక్షుడని గౌరవించాడు. అక్కడే ఆరేళ్ళు రాస్తూ గడిపి, జబ్బుపడి 1972 ఏప్రిల్ 27న రుమేనియా రాజధాని బుఖారెస్టులో కన్నుమూశాడు.

ఆయన తర్వాత సరిహద్దు

ఆయన పోయాక సరిహద్దు గోడలు పెరిగాయి. 1969లో ఘనా కొత్త ప్రభుత్వం కాగితాలు లేని పొరుగు దేశస్థులు వెళ్ళిపోవాలంది. నైజీరియా, నైజర్, అప్పర్ వోల్టాల నుంచి వచ్చి తోటల్లో, బజార్లలో బతికే లక్షలమంది మూటాముల్లె సర్దుకున్నారు. తోటల్లో కలుపు తీసేవాళ్ళు లేక కోకో దెబ్బతింది. 1975లో పడమటి ఆఫ్రికా దేశాలు ఆర్థిక సంఘం పెట్టుకుని, జనం స్వేచ్ఛగా రాకపోకలు సాగించవచ్చని రాసుకున్నాయి. అయినా 1983లో నైజీరియా పది లక్షలకు పైగా ఘనా వాళ్ళను వెళ్ళగొట్టింది. బెంగళూరు కట్టుబడి పనులకు సంసారంతో వలసపోయే మన పల్లెల వాళ్ళకు ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. సరుకుకు దారి తెరిచే ఒప్పందాలు కూలివాడి దగ్గరికి వచ్చేసరికి మూసుకుపోతాయి.

2018లో కిగాలీలో సంతకాలై, 2019లో అమల్లోకి వచ్చి, 2021లో వ్యాపారం మొదలైన ఖండ వాణిజ్య ఒప్పందం 90 శాతం సరుకుల మీద సుంకాలు దశలవారీగా తీసేయాలంటోంది. ఆఫ్రికా దేశాల మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది 15 శాతం అటూ ఇటూ మాత్రమే. కాబట్టి అవసరం ఉందన్నది వాస్తవం. కానీ ఎన్‌క్రుమా అడిగింది ఉమ్మడి ప్రణాళిక, ఉమ్మడి పరిశ్రమ, ఉమ్మడి బేరం. వచ్చింది ముందుగా సుంకాల తగ్గింపు. ఖండంలో కర్మాగారం పెట్టిన విదేశీ కంపెనీకే ఆ దారి ముందు ఉపయోగపడే ప్రమాదం ఉంది.

ఉమ్మడి బేరం వైపు ఒక అడుగు మాత్రం పడింది. అప్పటికి ప్రపంచపు కోకోలో సుమారు 60 శాతం పండిస్తున్న ఐవరీ కోస్టు, ఘనా 2019లో కలిసి, టన్నుకు 400 డాలర్లు రైతు బతుకుతెరువు కోసం అదనంగా ఇవ్వాలని కంపెనీలను అడిగాయి. కంపెనీలు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, నాణ్యతకిచ్చే వేరే అదనాన్ని కోసేశాయి. 1937 నుంచి ఇప్పటిదాకా ఆట అదే. అయినా రెండు పొరుగు దేశాలు పోటీ మాని ఒకే ధర అడగడం చిన్న సంగతి కాదు.

మన చేలో ఈ కథ

మన దేశమూ ఒప్పందాలు చేసుకుంది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు. 2009లో ఆగ్నేయాసియా దేశాలతో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అనంతపురం శెనక్కాయ రైతును గానీ, కాయ కోసే కూలీని గానీ ఎవరూ అడగలేదు. దేశాలు కలిసి వ్యాపారం చెయ్యడాన్ని మేము వ్యతిరేకించం. పేద దేశాలు కలవకపోతే పెద్ద కంపెనీలదే రాజ్యం. కాని ఏ ఒప్పందంలోనైనా మూడు ప్రశ్నలు వెయ్యాలి. ధర ఎవరు చెప్తారు? నిలవ పెట్టుకునే గోదాము ఎవరి చేతిలో ఉంటుంది? వలస కూలీకి ఆ దారిలో హక్కు ఉందా?

ఎన్‌క్రుమా మొదటి ప్రశ్న గట్టిగా అడిగాడు. రెండోది ఆలస్యంగా మొదలుపెట్టాడు. ఈ పని చెయ్యగల రైతు సంఘాన్నీ కార్మిక సంఘాన్నీ మాత్రం తన చేతులతోనే నోరు నొక్కాడు. 1937లో కోకో నిలిపినవాళ్ళు మంత్రులు కారు, పల్లెల్లోని రైతులు. వాళ్ళు గెలిచారు. 1964లో నిలిపినవి ప్రభుత్వాలు, వాటి వెనక స్వతంత్రంగా నిలబడ్డ సంఘాలు లేవు. ఈ తేడాను మన ఊరి శాఖల్లో చర్చకు పెట్టండి. కుందుర్పిలో పండే శెనక్కాయకూ సరిహద్దు అవతల పావగడలో పండే శెనక్కాయకూ మిల్లు ఒకటే, దళారి ఒకడే. ఈ కాయలు పెరికే కాలానికి రెండు వైపుల సంఘాలూ కూర్చుని ధర గురించీ కూలి గురించీ ఒకే మాట అనుకోవాలి. ఆ సమావేశాల తేదీలు ఇప్పుడే వేసుకుందాం.